మిస్టర్ రోజర్స్ సినిమా చూశారా? తండ్రిని క్షమించడం గురించి మాట్లాడుకుందాం

వెన్నెల వరండా (విజయవాడ)

అందరికీ నమస్కారం. 2019లో వచ్చిన 'ఎ బ్యూటిఫుల్ డే ఇన్ ది నైబర్‌హుడ్' గురించి ఇక్కడ ఎవరైనా రాశారేమోనని వెతికాను, కనపడలేదు. అందుకే నేనే మొదలుపెడుతున్నాను. కథ మొత్తం మాట్లాడుకుంటాం కాబట్టి, చూడనివాళ్లు చూశాకే చదవండి.

అమెరికాలో పిల్లల కోసం 1968 నుంచి 2001 దాకా టీవీ కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్ మీద తీసిన సినిమా ఇది. దర్శకురాలు మరియల్ హెల్లర్. రోజర్స్‌గా టామ్ హాంక్స్ వేశాడు. బయోపిక్ అంటే మనకు ఒక అలవాటు ఉంది కదా, బాల్యం, కష్టాలు, గెలుపు, చివర్లో మరణం, తెర మీద అసలు ఫొటోలు. ఇందులో ఆ వరసే లేదు. హాంక్స్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది కూడా సహాయ నటుడి విభాగంలోనే. ఎందుకంటే కథ లాయిడ్ వోగెల్ అనే పత్రికా రచయితది. తల్లి చావుబతుకుల్లో ఉన్నప్పుడు తండ్రి జెర్రీ ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఆ కోపం లాయిడ్‌లో పెద్దయ్యాక కూడా చల్లారలేదు. అక్క పెళ్లిలో తండ్రి మీద చెయ్యి చేసుకుంటాడు. ఆ వాచిన మొహంతోనే రోజర్స్‌ని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్తాడు. పత్రిక అడిగింది 400 మాటల చిన్న రైటప్, అంతే.

ప్రశ్నలు అడగాల్సింది లాయిడ్. కానీ ఆ మొహం మీద దెబ్బ ఎలా తగిలిందని రోజర్స్ అడుగుతాడు. లాయిడ్ ముందు అబద్ధం చెబుతాడు, తర్వాత నిజం చెబుతాడు. నాకు సినిమా అక్కడ పట్టుకుంది. దయ అంటే తీయగా మాట్లాడటం అనుకుంటాం. ఇందులో దయ అంటే, ఎదుటివాడు తప్పించుకోవాలని చూస్తున్నా మనం అక్కడే కూర్చుని ఉండటం.

మీకేమనిపించింది? తండ్రిని క్షమించే భాగం మీకు నమ్మేలా ఉందా?

పెన్ హిల్స్ పెద్దమ్మ (పిట్స్‌బర్గ్)

అమ్మాయ్, మంచి టాపిక్ ఎత్తావు. మా ఊరి సినిమా ఇది. మేము ఉండేది వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లోనే. రోజర్స్ షో తయారైంది ఇక్కడి డబ్ల్యూక్యూఈడీ టీవీ స్టేషన్లో. సినిమా కూడా ఆ స్టేషన్లోనే, ఆయన పేరు పెట్టిన స్టూడియోలో తీశారు.

మా పిల్లలు చిన్నప్పుడు రోజూ చూసేవాళ్లు. నిజం చెప్పాలంటే వాళ్లకంటే నాకే ఎక్కువ ఉపయోగపడింది. కొత్తగా కాపురానికి వచ్చాను, ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ ఎవరైనా గబగబా మాట్లాడితే అర్థమయ్యేది కాదు. ఆయన ఒక్కో మాటా ఆగి ఆగి అనేవాడు. లోపలికి రావడం, కోటు విప్పి స్వెట్టర్ వేసుకోవడం, బూట్లు విప్పి కాన్వాస్ షూస్ తొడుక్కోవడం, చేపలకు మేత వేయడం. రోజూ అదే. ఆ స్వెట్టర్లు వాళ్ల అమ్మగారు అల్లినవి, అందులో ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

చేపల సంగతి ఒకటి చెప్పాలి. చూపులేని ఒక చిన్నపిల్ల ఆయనకు ఉత్తరం రాయించింది, మీరు చేపలకు మేత వేశారో లేదో నాకు తెలియట్లేదు, వేసేటప్పుడు పైకి చెప్పండి అని. అప్పటినుంచి "ఇప్పుడు చేపలకు మేత వేస్తున్నాను" అని చెప్పి వేసేవాడు. చూసే లక్షలమంది పిల్లల్లో ఆ ఒక్క పిల్ల కోసం. సినిమాలో ఈ విషయం లేదు, కానీ ఆయన ఎలాంటి మనిషో నాకు దీంట్లోనే తెలుస్తుంది.

ఎడిటింగ్ టేబుల్ (హైదరాబాద్)

పెద్దమ్మ గారూ, చేపల సంగతి నాకు తెలియదు, చాలా బాగుంది.

నేను సినిమా పనిలో ఉన్నాను కాబట్టి తీసిన పద్ధతి గురించి రాస్తాను. సినిమా మొత్తాన్ని రోజర్స్ షోలో ఒక ఎపిసోడ్‌లా కట్టారు. మొదట్లోనే హాంక్స్ తలుపులున్న బొమ్మల పలక తెచ్చి ఒక్కో తలుపూ తీస్తాడు. ఒక తలుపు వెనక లాయిడ్ ఫొటో ఉంటుంది, మొహం మీద దెబ్బలతో. నా ఈ స్నేహితుడిని ఎవరో బాధపెట్టారు, క్షమించడం ఇతనికి కష్టంగా ఉంది అని పిల్లలకు చెప్పినట్టే మనకు చెబుతాడు. అంటే చూస్తున్న మనం పెద్దవాళ్లమైనా ఆ కాసేపు ఆయన పిల్లలమే.

ఊరు మారినప్పుడల్లా అసలు విమానం, అసలు రోడ్డు చూపించరు. న్యూయార్క్, పిట్స్‌బర్గ్ రెండూ బొమ్మల సెట్లే, షోలో ఉన్నట్టు. షో భాగాలు తీయడానికి ఆ కాలం నాటి ఇకెగామి వీడియో కెమెరాలు వాడారు. అందుకే ఆ భాగాలు చిన్న చతురస్రం ఫ్రేమ్‌లో, కొంచెం మసకగా ఉంటాయి. ఇదంతా గొప్పలకు చేసినది కాదు. లాయిడ్ కలలో తనే చిన్నవాడై ఆ బొమ్మల సెట్లో తిరుగుతాడు, అక్కడ తన తల్లి కనపడుతుంది. ఆ సెట్లను ముందునుంచీ చూస్తున్నాం కాబట్టే ఆ కల మనకు వింతగా అనిపించదు.

ఇక చైనీస్ రెస్టారెంట్ సీన్. మనల్ని ప్రేమించి ఇంతవాళ్లను చేసిన మనుషులను ఒక నిమిషం తలుచుకుందాం అంటాడు రోజర్స్. హోటల్ మొత్తం నిశ్శబ్దమైపోతుంది. కెమెరా మెల్లగా హాంక్స్ దగ్గరకు వెళ్తుంది, ఆయన నేరుగా మనవైపు చూస్తాడు. అంత సేపు డైలాగూ మ్యూజిక్కూ లేకుండా ఉంచాలంటే ఎడిటింగ్ గదిలో ఎంత ధైర్యం కావాలో మీకు చెప్పలేను. పక్క టేబుళ్ల దగ్గర కూర్చున్నవాళ్లలో రోజర్స్ భార్య జోవాన్ గారు, ఆయనతో ఏళ్లతరబడి పనిచేసినవాళ్లు ఉన్నారు. షోలో ఉత్తరాలు తెచ్చే మిస్టర్ మెక్‌ఫీలీగా వేసిన డేవిడ్ న్యూవెల్ కూడా ఉన్నాడు. వాళ్లు ఆ నిమిషంలో ఎవర్ని తలుచుకుని ఉంటారో వేరే చెప్పాలా?

రాజమండ్రి మాస్టారు

ఆ నిమిషం వెనక అసలు సంఘటన ఒకటి ఉంది. 1997లో డేటైమ్ ఎమ్మీ అనే అమెరికా టీవీ అవార్డుల వేడుకలో ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. వేదిక ఎక్కి, మీరు ఈ స్థితికి రావడానికి కారణమైనవాళ్లను పది సెకన్లు తలుచుకోండి, టైమ్ నేను చూస్తాను అన్నారు. హాల్లో ఉన్న టీవీ తారలు కళ్లు తుడుచుకున్నారు. సినిమా ఆ పది సెకన్లను నిమిషం చేసింది.

నేను నలభై ఏళ్లకు దగ్గరగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. నాకు రోజర్స్ గారి సినిమా కంటే 1969 మే నెలలో ఆయన అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు మాట్లాడిన వీడియో ఎక్కువ ఇష్టం. పబ్లిక్ టీవీకి ఇచ్చే రెండు కోట్ల డాలర్ల నిధులు కోత పడే పరిస్థితి. చైర్మన్ సెనేటర్ జాన్ పాస్టోర్ విసుగ్గా ఉన్నాడు. ఈయన గొంతు పెంచలేదు, అంకెలు చదవలేదు. పిల్లవాడికి కోపం వస్తే ఏం చేయాలి అన్నదాని మీద తాను రాసిన పాట మాటలు చదివి వినిపించారు. కోపంలో ఎవర్నైనా కొట్టబోయి కూడా ఆగగలను, ఆగడం నా చేతిలోనే ఉంది అన్నది దాని సారాంశం. అంతా విని పాస్టోర్, మీరు ఆ రెండు కోట్లు సంపాదించేసుకున్నారు అన్నాడు.

మన ఇళ్లలో, బడుల్లో పిల్లాడికి కోపం వస్తే ముందు మనం అనే మాట "నోరు మూసుకో". ఇంకా ఏడిస్తే ఒక దెబ్బ. కోపం రావడం తప్పు కాదు, దాంతో ఏం చేస్తావో చూడు అని ఆ పిల్లవాడికి చెప్పే పెద్దవాళ్లు ఎంతమంది? లాయిడ్‌కు చిన్నప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. అందుకే పెళ్లి పందిట్లో చెయ్యి లేచింది.

సియాటిల్ నాన్న

మాస్టారు గారికి దండాలు. ఇక్కడ మా పాపకు రోజర్స్ ఎవరో తెలియదు గానీ డేనియల్ టైగర్ అంటే ప్రాణం. ఆ కార్టూన్ 2012లో మొదలైంది, రోజర్స్ షోలోని చారల పులి బొమ్మనుంచే పుట్టింది. అమెరికాలో చిన్నపిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ పులి తెలియని ఇల్లు ఉండదనుకుంటా. కోపం వచ్చినప్పుడు గట్టిగా ఊపిరి తీసుకుని నాలుగు లెక్కపెట్టు అని ఒక చిన్న పాట ఉంటుంది. ఒకరోజు నేను ఆఫీస్ టెన్షన్‌లో ఫోన్లో అరుస్తుంటే మా పాప వచ్చి నాకే ఆ పాట పాడింది.

సినిమాలో ఆ పులి బొమ్మను చేతికి తొడుక్కుని రోజర్స్ లాయిడ్‌తో మాట్లాడతాడు చూశారా? చిన్నప్పుడు నీకు ఇష్టమైన బొమ్మ ఏది అని అడుగుతాడు. లాయిడ్‌కు చిర్రెత్తుకొస్తుంది. నాకైతే ఆ కోపం పూర్తిగా అర్థమైంది. అంతవరకూ దాచుకున్నది అంత తేలిగ్గా బయటకు లాగుతుంటే ఎవరికైనా భయం వేస్తుంది.

నల్లమల

నేను ఈ సినిమా రిలీజ్ అయినప్పుడే చూశాను. ఇన్నాళ్లూ దీని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. అందరూ మెచ్చుకుంటున్న చోట వేరే మాట చెప్పక తప్పట్లేదు.

మా నాన్న నా ఎనిమిదో తరగతిలో ఇంకో కాపురం పెట్టుకుని వెళ్లిపోయాడు. అమ్మ మిషన్ కుట్టి నన్నూ తమ్ముణ్ణీ చదివించింది. ఇప్పుడు ఆయనకు ఆరోగ్యం బాలేదు, ఆ రెండో ఇంట్లో చూసేవాళ్లు లేరు. చుట్టాలంతా నా మీద పడ్డారు. "ఎంతైనా కన్న తండ్రి కదరా", "పోయాక ఏడ్చి ఏం లాభం", "పగ పెట్టుకుంటే నీకే పాపం". మా అమ్మ కిస్తీలు కట్టలేక గాజులు తాకట్టు పెట్టిన రోజు ఈ పాపపుణ్యాల లెక్క చెప్పినవాడు ఒక్కడు లేడు.

ఈ సినిమా చూపించి కూడా ఒకాయన నాకు హితబోధ చేశాడు. అందుకే అడుగుతున్నాను. వదిలేసిపోయినవాడు మంచాన పడగానే క్షమించే బాధ్యత వదిలేయబడ్డవాడి నెత్తిన ఎందుకు పడాలి? రోజర్స్ లాంటి మనిషి పక్కన కూర్చుంటే లాయిడ్‌కు కుదిరింది. మాకు పక్కన కూర్చున్నవాళ్లంతా తీర్పు చెప్పేవాళ్లే.

వెన్నెల వరండా (విజయవాడ)

నల్లమల గారూ, మీరు రాసినందుకు థాంక్స్. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ సినిమాలో ఒక విషయం మీ చుట్టాలు చూసినట్టు లేరు. రోజర్స్ ఒక్కసారి కూడా "మీ నాన్నను క్షమించు" అని లాయిడ్‌ను అడగడు. లాయిడ్ ఆసుపత్రిలో తండ్రిని వదిలేసి వచ్చేసినా తిట్టడు. ఇంకోటి, క్షమాపణ మొదట వచ్చింది జెర్రీ నోటినుంచి. నేను చేసింది స్వార్థం, క్రూరత్వం అని తనే ఒప్పుకుంటాడు. సాకులు చెప్పడు. దాని తర్వాతే లాయిడ్ మెత్తబడతాడు. మీ నాన్నగారు మీ అమ్మగారి ముందు ఆ మాట అన్నారా? అనకపోతే సినిమాను ఉదాహరణగా చూపించే హక్కు వాళ్లకు లేదు.

కరీంనగర్ రెండో ఆట

వరండా అక్క చెప్పింది కరెక్ట్. నల్లమల అన్నా, చుట్టాల మాట పట్టించుకోకు. వాళ్లు ఒక్క పూట వచ్చి పోతారు.

నాకు ఒక డౌట్ ఉంది. ఇది నిజంగా జరిగిన కథేనా? పెళ్లిలో కొట్టుకోవడం, తండ్రి చనిపోవడం, అన్నీ? లేక సినిమా కోసం కల్పించారా?

ఎడిటింగ్ టేబుల్ (హైదరాబాద్)

చాలా వరకు కల్పన. అసలు రచయిత టామ్ జునోద్. 1998 నవంబర్ ఎస్క్వైర్ పత్రికలో రోజర్స్ మీద ఆయన రాసిన కవర్ స్టోరీ ఈ సినిమాకు మూలం. అంతకు ముందు ఏడాది ఒక నటుడి వ్యక్తిగత జీవితాన్ని తవ్వుతూ రాసిన వ్యాసంతో ఆయన బాగా విమర్శలు పడ్డాడు. అంటే ఎదుటివాణ్ణి గీరి రక్తం చూసే రచయిత అన్న పేరు నిజమే. రోజర్స్‌తో స్నేహమూ నిజమే, 2003లో రోజర్స్ కడుపు క్యాన్సర్‌తో పోయేదాకా ఇద్దరి మధ్యా ఈమెయిళ్లు నడిచాయి. కానీ పెళ్లిలో తండ్రితో కొట్లాట జరగలేదని, సినిమాలో తండ్రి తన తండ్రి కాదని జునోద్ 2019లో అట్లాంటిక్ పత్రికలో తనే రాశాడు. పేర్లు మార్చింది అందుకే.

సబ్‌వే రైలులో పిల్లలూ పెద్దలూ కలిసి రోజర్స్ షో పాట ఎత్తుకునే సీన్ మాత్రం కల్పన అనిపించినా నిజం. జునోద్ వ్యాసంలో ఉంది.

నా అభిప్రాయం ఏమిటంటే, తండ్రి కథ కల్పించడం వల్లనే సినిమా నిలబడింది. రోజర్స్ పుట్టుక నుంచి చావు దాకా తీస్తే దేవుడి పటం అయ్యేది.

పెన్ హిల్స్ పెద్దమ్మ (పిట్స్‌బర్గ్)

దేవుడి పటం అన్నావు కదా బాబూ, సినిమాలో జోవాన్ పాత్ర చెప్పేది అదే. మీ ఆయన సాధుపురుషుడు కదా అంటే, ఆ మాట నాకు నచ్చదు, అలా అంటే ఆయనలా ఉండటం మిగతావాళ్లవల్ల కాదని అర్థం వస్తుంది, ఆయనకూ కోపం ఉంది, రోజూ సాధన చేస్తారు అంటుంది. పొద్దున్నే ఈత కొట్టేవాడు, మనుషుల పేర్లు చెప్పి ప్రార్థన చేసేవాడు, ఉత్తరాలకు జవాబులు రాసేవాడు. ఆయన పాస్టర్ కూడా, 1963లో ప్రెస్బిటేరియన్ చర్చిలో దీక్ష తీసుకున్నాడు. కానీ టీవీలో ఎప్పుడూ మతం మాట ఎత్తలేదు. మా పిల్లలు గుడికీ వెళ్లేవాళ్లు, ఆయన్నీ చూసేవాళ్లు, ఎక్కడా అడ్డు రాలేదు.

ఇంకో విషయం. ఈ సినిమా షూటింగ్ ఇక్కడ జరుగుతున్నప్పుడే, 2018 అక్టోబర్ 27న, స్క్విరెల్ హిల్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ యూదుల ప్రార్థనా మందిరంలో కాల్పులు జరిగి పదకొండు మంది చనిపోయారు. రోజర్స్ కాపురమున్న పేట అదే, ఆయన నిజమైన ఇరుగుపొరుగు. ఆ వారమంతా ఊళ్లో మతం, రంగు చూడకుండా జనం ఒకరి దగ్గరకు ఒకరు వెళ్లారు. భయంకరమైనది జరిగినప్పుడు సాయం చేసేవాళ్లను చూడు అని చిన్నప్పుడు తన తల్లి చెప్పేదని ఆయన అనేవాడు. ఆ మాట ఆ రోజుల్లో ప్రతి నోటా విన్నాను.

హోమ్‌కేర్ సిస్టర్ (గుంటూరు)

నేను ఆఖరి దశలో ఉన్న రోగులను ఇంటికి వెళ్లి చూసే నర్సుని. జెర్రీ మంచం ఇంటి హాల్లో వేసి ఉన్న సీన్లు చూస్తే, ఇది తీసినవాళ్లు అలాంటి ఇల్లు దగ్గరగా చూసినట్టున్నారు అనిపించింది. రోగి ఉన్న ఇంట్లో అందరూ గొంతు తగ్గిస్తారు, రోగిని ఏమీ అడగరు, అతని గురించి పక్కవాళ్లను అడుగుతారు. సినిమాలో కూడా చావు మాట రాగానే అందరూ బిగుసుకుపోతారు. రోజర్స్ ఒక్కడే మామూలుగా ఉంటాడు. చనిపోవడం మనుషులకు జరిగేదే, మనుషులకు జరిగేదేదైనా నోటితో చెప్పుకోగలం, చెప్పుకోగలిగితే మోయగలం అంటాడు.

వెళ్లబోయే ముందు జెర్రీ చెవిలో ఏదో చెబుతాడు. ఏం చెప్పారని లాయిడ్ అడిగితే, నాకోసం ప్రార్థన చేయమన్నాను, ఇంత కష్టం పడుతున్న మనిషి దేవుడికి చాలా దగ్గరగా ఉంటాడు కదా అంటాడు. జునోద్ వ్యాసంలో ఇది సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఒక పిల్లవాడితో జరిగింది. అందరూ తనకోసం ప్రార్థన చేసేవాళ్లే గానీ, నువ్వు నాకోసం చెయ్యి అని ఆ పిల్లవాణ్ణి అంతవరకూ ఎవరూ అడగలేదు. నేను పనిలో దీన్ని రోజూ చూస్తాను. మంచంలో ఉన్న మనిషి దగ్గర మనం తీసుకోగలిగేది కూడా ఉందని చూపిస్తే వాళ్ల మొహం మారిపోతుంది. అప్పటినుంచి నేను ఇళ్లకు వెళ్లినప్పుడు పెద్దవాళ్లను ఏదో ఒకటి అడుగుతాను. పచ్చడి కొలతలు అడుగుతాను, పిల్లకు పేరు పెట్టమంటాను.

నల్లమల గారికి ఒక మాట. క్షమించకుండానే చివరిచూపుకు వచ్చిన కొడుకులను చూశాను, అసలు రాని కూతుళ్లను చూశాను. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మందులకు, మనిషిని పెట్టడానికి డబ్బు పంపి ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. సాయం వేరు, క్షమ వేరు. ఒకటి చేస్తే రెండోది చేసి తీరాలని ఏమీ లేదు.

రాజమండ్రి మాస్టారు

సిస్టర్ గారి మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రోజర్స్ గారి జీవితంలోనే దీనికి ఒక కష్టమైన ఉదాహరణ ఉంది. షోలో పోలీసు ఆఫీసర్‌గా వేసిన ఫ్రాంస్వా క్లెమన్స్ నల్లజాతి గాయకుడు. స్విమ్మింగ్ పూల్స్‌లో నల్లవాళ్లను రానివ్వని చోట్లు ఇంకా ఉన్న రోజుల్లో, 1969లో, రోజర్స్ ఒక ప్లాస్టిక్ టబ్బులో కాళ్లు పెట్టుకుని కూర్చుని క్లెమన్స్‌ను కూడా పక్కన కాళ్లు పెట్టమన్నారు. ఇద్దరూ ఒకే తువ్వాలు వాడారు. అదే మనిషి, క్లెమన్స్ స్వలింగ సంపర్కుడని తెలిసినప్పుడు, అది బయటపడితే షో పోతుంది, ఆ క్లబ్బులకు వెళ్లకు అని చెప్పారు. క్లెమన్స్ ఏళ్లతరబడి తన నిజాన్ని దాచుకోవలసి వచ్చింది. తర్వాత ఆ బాధ గురించి ఆయనే బహిరంగంగా మాట్లాడారు, అయినా రోజర్స్‌ను తండ్రిలా ప్రేమించానని చెప్పారు. ఈ సినిమా ఈ భాగం ముట్టుకోలేదు. 2018లో వచ్చిన డాక్యుమెంటరీలో ఉంది. దయగల మనిషి వల్ల కూడా దెబ్బ తగులుతుంది, ఆ దెబ్బను పేరు పెట్టి చెప్పిన తర్వాత కూడా ప్రేమ మిగలొచ్చు. నాకు ఇది లాయిడ్ కథకంటే బరువైన క్షమ.

కరీంనగర్ రెండో ఆట

మాస్టారూ, ఇది తెలియక సినిమా చూశాను. ఇప్పుడు డాక్యుమెంటరీ కూడా చూస్తాను.

ఆ చివరి పియానో సీన్ ఎందుకో ఎవరైనా చెప్తారా? అందరూ వెళ్లిపోయాక ఒక్కడే వాయిస్తూ మధ్యలో ఢామ్మని కింది మెట్లన్నీ ఒకేసారి కొడతాడు.

సియాటిల్ నాన్న

అంతకు ముందు ఒక సీన్‌లో, కోపం వస్తే ఏం చేయొచ్చో చెబుతూ అంటాడు కదా తమ్ముడూ, పియానో కింది మెట్లన్నీ ఒకేసారి కొట్టొచ్చు అని. అంటే ఆయనకూ ఆ రోజు ఏదో ఉంది. ఏమిటో సినిమా చెప్పదు. పిల్లవాడిగా ఆయన కూడా లావుగా, బెరుకుగా ఉండేవాడు, బడి పిల్లలు వెంటపడి ఏడిపించేవాళ్లు. ఆ కోపం ఎక్కడికీ పోలేదు, దానికి ఒక దారి చూపించుకున్నాడు.

నల్లమల

అందరికీ నమస్కారం. మీరు రాసినవన్నీ రెండుసార్లు చదివాను.

సిస్టర్ గారూ, సాయం వేరు, క్షమ వేరు అన్న మాట నాకు ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. తమ్ముడితో మాట్లాడాను. మందుల ఖర్చు, చూసుకోవడానికి ఒక మనిషి, ఇవి మేమిద్దరం పెట్టుకుంటాం. ఇంటికి తీసుకురావడం మాత్రం లేదు. ఆ సంగతి పెదనాన్నకు ఫోన్ చేసి చెప్పేశాను, ఇక ఎవరూ ఈ విషయం నాతో ఎత్తొద్దని కూడా చెప్పాను.

వరండా గారు అడిగిన ప్రశ్నకు జవాబు: లేదు, ఆయన అమ్మ ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు. నా దగ్గరా అనలేదు. ఈసారి మందులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ మాట నేనే అడుగుతాను. అమ్మకు క్షమాపణ చెప్పాలని. చెబుతాడో లేదో తెలియదు.

ఈ ఆదివారం అమ్మను కూర్చోబెట్టి ఈ సినిమా చూపిస్తాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, నేను పక్కన చెబుతూ ఉంటాను. జెర్రీ గురించి ఆమె ఏమంటుందో వచ్చి రాస్తాను. మా ఇంట్లో ఈ విషయంలో ఆమె మాటే లెక్క.